ఎమ్యులేటరులో సీరియల్ మౌసు అమరిక

సీరియల్ మౌసు అనగా కంప్యూటరు సీరియల్ పోర్టుకు తగిలించే మౌసు. 1987లో ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లతో గుండ్రని మౌసు పోర్టు వచ్చిన తరువాత కూడా ఇది చాలాకాలం వాడుకలో ఉన్నది. పాత ఆపరేటింగు సిస్టములను ఎమ్యులేటరులో, అనగా ఒక కంప్యూటరులో మరొక కంప్యూటరును అనుకరించే ప్రోగ్రాములో, నడిపేవారికి దీని అమరిక నేటికీ అవసరపడుతుంది.

అవసరం

యూనికోడులో తెలుగు 1991లోనే చేరినా, విండోస్‌లో తగిన మద్దతు 2001 నాటి ఎక్స్‌పీతో గాని రాలేదు. అంతకుముందు డీటీపీలో తయారైన తెలుగు పత్రాలు ఆయా ఫాంట్ల సొంత సంకేతాలలో ఉన్నవి. వాటిని ఉన్నదున్నట్లు చూచుటకు ఒక్కొక్కసారి పాత ప్రోగ్రామును, దానితోపాటు పాత విండోస్‌ను తిరిగి నడపవలసి ఉంటుంది. పేజీలు కూర్చే ప్రోగ్రాము మౌసు లేనిదే దాదాపు నిరుపయోగం.

పనిచేయు విధానం

మైక్రోసాఫ్ట్ పద్ధతి మౌసు సెకనుకు 1200 బిట్ల వేగంతో, 7 బిట్ల మాటలుగా సమాచారం పంపుతుంది. ఒక్కొక్క కదలికకు మూడు మాటలు. బొత్తాముల స్థితి మొదటి మాటలోనే ఉంటుంది. డ్రైవరు పోర్టును మేల్కొల్పగానే మౌసు 'ఎం' అనే అక్షరాన్ని పంపి తన ఉనికి తెలుపుతుంది. మౌస్ సిస్టమ్స్ పద్ధతిలో ఐదు మాటలు, మాటకు 8 బిట్లు. ఒకదాని డ్రైవరు రెండవదానికి పనికిరాదు.

అమరిక

క్యూఎము, బాక్స్ వంటి ఎమ్యులేటర్లు మామూలుగా పీఎస్/2 మౌసునే అనుకరిస్తాయి. 1985 నాటి విండోస్ తొలి రూపానికి ఆ మౌసు తెలియదు. అది పుట్టినదే రెండేళ్ళ తరువాత. కావున ముందుగా ఎమ్యులేటరు అమరికలలో మౌసు రకాన్ని సీరియల్‌గా మార్చి, కామ్1 పోర్టుకు జతచేయాలి. కామ్1 నాలుగవ ఇంటరప్టును వాడుతుంది. కామ్3 కూడా సాధారణంగా దానినే వాడుతుంది గనుక అక్కడ మోడెము వంటిదేదీ ఉంచకపోవుట మేలు.

డాస్ ప్రోగ్రాములకు మౌసు డ్రైవరును ఆటోఎగ్జెక్ ఫైలులో చేర్చాలి. ఫ్రీడాస్‌తో వచ్చే క్యూట్‌మౌస్ ఇందుకు చాలును. విండోస్ 3.1కు తన డ్రైవరు తనకే ఉన్నది. డాస్ నుండి సెటప్ నడిపి, 'మైక్రోసాఫ్ట్ లేదా ఐబీఎం పీఎస్/2' అన్న మౌసును ఎంచుకోవాలి. ఈ ఒక్క ఎంపిక రెండు రకాలకూ వర్తిస్తుంది.

లోపాలు

బాణం గుర్తు అసలు కదలకపోతే ఎమ్యులేటరు కిటికీ మౌసును పట్టుకొన్నదో లేదో చూడాలి. చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది, డ్రైవరులో కాదు. బాణం ఇష్టం వచ్చినట్లు గెంతుతుంటే పద్ధతులు కలవలేదని అర్థం. కొద్దిగా తడబడుతూ కదిలితే అది లోపం కాదు. 1200 బిట్ల వేగానికి సెకనుకు నలభై పైచిలుకు కదలికలే అందుతాయి.