శ్రేణి ప్రక్రియల అనువాదం: కాఫీస్క్రిప్ట్ చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

వాడుకకూ ప్రమాణానికీ మధ్య సంఘర్షణ ఉత్తరాంధ్రకు కొత్త కాదు. శ్రీకాకుళం ప్రాంతంలో 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి, విజయనగరం కార్యక్షేత్రంగా 1897లో ‘కన్యాశుల్కం’ వెలువరించిన గురజాడ అప్పారావు వ్యావహారిక భాషకు గౌరవం సాధించారు. కంప్యూటరు భాషల చరిత్రలోనూ ఇటువంటి ఘట్టం ఒకటుంది. 2009 డిసెంబరులో జెరెమీ ఆష్కెనాస్ ప్రారంభించిన కాఫీస్క్రిప్ట్ నేరుగా బ్రౌజరులో నడవదు. దాని వాక్యాలు ముందుగా జావాస్క్రిప్ట్‌లోకి అనువదింపబడాలి. అర్రేలు, అనగా శ్రేణుల విషయంలో ఆ అనువాదం సాగిన తీరును పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

అనువాద విధానం

శ్రేణిలోని ప్రతి సంఖ్యకూ వర్గం కట్టమని కాఫీస్క్రిప్ట్‌లో ఒకే పంక్తిలో రాయవచ్చు. అనువాదంలో అది ఖాళీ శ్రేణిని ఏర్పరచి, మూలశ్రేణి పొడవును ముందే గుర్తుంచుకొని, సూచికను 0 నుంచి పెంచుతూ, ఒక్కొక్క ఫలితాన్ని ‘పుష్’ ద్వారా చేర్చే ‘ఫర్’ లూప్‌గా విస్తరిస్తుంది. [1..3] అనే ఖండం రెండు కొసలనూ కలుపుకుంటుంది, జావాస్క్రిప్ట్ ‘స్లైస్’ చివరి సూచికను విడిచిపెడుతుంది. కనుక అనువాదంలో 1, 4 అని వస్తుంది. మూడు చుక్కలు పెడితే 1, 3 గానే నిలుస్తుంది.

చారిత్రక నేపథ్యం

అదే 2009 డిసెంబరులో వెలువడిన ఎక్మాస్క్రిప్ట్ 5 ప్రమాణంలో ‘మ్యాప్’, ‘ఫిల్టర్’, ‘ఇండెక్స్‌ఆఫ్’ ఉన్నాయి. కాని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 వంటి బ్రౌజర్లలో అవి లేవు. సాధారణ లూప్ మాత్రం అంతటా నడిచేది. ఒక అంశం శ్రేణిలో ఉన్నదా అని పరీక్షించే ‘ఇన్’ కోసం, ‘ఇండెక్స్‌ఆఫ్’ లేనిచోట పనిచేసే ప్రత్యామ్నాయాన్ని కూడా అనువాదకం జతచేసేది.

ఈ విధేయతకు మూల్యం ఉంది. కాఫీస్క్రిప్ట్‌లో ఫంక్షన్ చివరి వాక్యమే దాని ఫలితం. చివర లూప్ ఉంటే, ఎవరికీ అక్కరలేని శ్రేణి సైతం నిర్మింపబడుతుంది. దానిని నివారించడానికి రచయిత చివర ‘రిటర్న్’ రాయవలసి వచ్చేది.

పరిణామం

2011లో రైల్స్ 3.1 స్వీకరించడంతో ఈ భాష విస్తృతంగా వ్యాపించింది. శ్రేణిని విడదీసి పేర్లకు పంచడం, మూడు చుక్కలతో పరచడం 2015 జూన్ నాటి ప్రమాణంలో జావాస్క్రిప్ట్‌కే సమకూరాయి. ఏకపంక్తి శ్రేణి నిర్మాణం మాత్రం ముసాయిదాలో ఉండి 2014లో తొలగింపబడింది. 2017 సెప్టెంబరులో వచ్చిన కాఫీస్క్రిప్ట్ 2 ప్రమాణంలోని కొత్త రూపాలనే వాడుకుంది. ఏకపంక్తి నిర్మాణాన్ని మాత్రం నేటికీ లూప్‌గానే విస్తరిస్తుంది.

ముగింపు

తెలుగులో వాడుక భాషే ప్రమాణమై నిలిచింది. ఇక్కడ ప్రమాణం తనకు కావలసినవి స్వీకరించగా, వాటిని ముందుగా అలవాటు చేసిన భాష వెనుకకు తగ్గింది. స్వీకరింపబడని ఆ ఒక్క రూపమే దాని ప్రత్యేకతకు సాక్ష్యం. కనుక ఈ చరిత్రను రాసేవారు మూలాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టి చదవవలసి ఉంటుంది.