పాక్ జైల్లో సిక్కోలు మత్స్యకారులు

డొంకూరు మొదలు ఎచ్చెర్ల దాకా సిక్కోలు తీరంలో సరైన జెట్టీలు లేక చాలామంది గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లి బోట్లపై పనిచేస్తుంటారు. 2018 నవంబరులో అలా వేటకెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుని కరాచీ జైల్లో పెట్టింది. సముద్రంలో కంచె ఉండదు కదా! 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన గడ్డపై అడుగుపెట్టారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు ఆధారం ఇదే. కాకపోతే అది డాక్యుమెంటరీ కాదు, ప్రేమకథ కలిపి తీశారు.

2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. శిక్ష పూర్తయి, ఏ దేశస్తుడో ధ్రువీకరణ జరిగిన నెలలోపు వదిలిపెట్టాలి. ఆలస్యం ఎక్కువగా ఈ ధ్రువీకరణ దగ్గరే. అందుకే వలస వెళ్లేవారి ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు, బోటు నంబరు ఇంట్లో ఉంచుకోవాలి.