హాడ్లీవిల్‌కు మళ్లీ వచ్చిన మార్షల్

1980 నవంబర్ 15, శనివారం రాత్రి అమెరికాలో సీబీఎస్ టెలివిజన్ ‘హై నూన్, పార్ట్ టూ: ద రిటర్న్ ఆఫ్ విల్ కేన్’ అనే సినిమాను ప్రసారం చేసింది. ఇది థియేటర్ల కోసం కాక టీవీ కోసమే తీసిన సినిమా, 1952 నాటి ‘హై నూన్’కు కొనసాగింపు. రెండింటికీ మధ్య ఇరవై ఎనిమిదేళ్ల ఎడం ఉంది. ఈ లోపు హీరో, దర్శకుడు, రచయిత అందరూ మారిపోయారు. ఊరి పేరు, పాత్రల పేర్లు, పాత సినిమాకున్న ప్రతిష్ఠ మాత్రమే మిగిలాయి.

ఆ ప్రతిష్ఠకు మూలం ఓ చిన్న కథ. జాన్ కనింగ్‌హామ్ 1947లో కోలియర్స్ పత్రికలో ‘ద టిన్ స్టార్’ అనే కథ రాశారు. దాని ఆధారంగా కార్ల్ ఫోర్‌మన్ స్క్రీన్‌ప్లే తయారుచేయగా స్టాన్లీ క్రామర్ నిర్మించారు, వియన్నాలో పెరిగిన ఫ్రెడ్ జిన్నెమన్ దర్శకత్వం వహించారు. హాడ్లీవిల్ అనే చిన్న ఊళ్లో మార్షల్ విల్ కేన్‌కు ఆదివారం ఉదయం పెళ్లవుతుంది. పెళ్లికూతురు ఏమీ హింసను ఒప్పుకోని క్వేకర్ మతస్థురాలు. కేన్ ఉద్యోగం వదిలి ఊరు విడిచి బయల్దేరుతుండగా కబురు వస్తుంది: అతను జైలుకు పంపిన ఫ్రాంక్ మిల్లర్ విడుదలై పన్నెండు గంటల రైలుకు వస్తున్నాడని. మిల్లర్ మనుషులు ముగ్గురు అప్పటికే స్టేషన్లో కాచుకుని ఉంటారు.

సినిమా నిడివి 85 నిమిషాలు. కథలో గడిచే సమయమూ ఇంచుమించు అంతే. కేన్ గడప గడపా తిరిగి సాయం అడుగుతాడు. మిల్లర్‌కు శిక్ష వేసిన జడ్జి గోడమీది జెండా మడతపెట్టి, న్యాయ త్రాసు దించి, పుస్తకాలతో సహా గుర్రం మీద కట్టుకుని వెళ్లిపోతాడు. చర్చిలో జనం వాదించుకుంటారు. కొందరు ముందుకు రాబోతారు కూడా. చివర్లో కేన్‌ను మెచ్చుకుంటూనే ఊరు వదిలి వెళ్లమని మేయర్ సలహా ఇవ్వడంతో అందరూ కూలబడతారు. పన్నెండు కావస్తుండగా గడియారం లోలకం, ఖాళీ వీధి, బారులో మనుషులు, చర్చిలో ముఖాలు ఒకదాని వెంట ఒకటి తెరమీదికొస్తాయి. దిమిత్రి తియోమ్‌కిన్ సంగీతం తాళానికి సరిగ్గా సరిపోయేలా ఆ షాట్లను కోశారు. రైలు కూతతో ఆ వరస ఆగిపోతుంది. కాసేపటికి ఫ్లాయిడ్ క్రాస్బీ కెమెరా పైకి లేస్తుంది, మనిషి జాడలేని వీధి మధ్యలో కేన్ ఒంటరిగా కనిపిస్తాడు. ఈ రెండు ఘట్టాలకూ సాటివచ్చేవి వెస్టర్న్ సినిమాల్లో అరుదు.

కేన్‌గా గ్యారీ కూపర్, ఏమీగా గ్రేస్ కెల్లీ నటించారు. ఉత్తమ నటుడు, ఎడిటింగ్, సంగీతం, పాట విభాగాల్లో సినిమాకు నాలుగు ఆస్కార్లు దక్కాయి. స్టేషన్లో కాచుకున్న ముగ్గురిలో ఒకరు లీ వాన్ క్లీఫ్. అదే ఆయన తొలి సినిమా, అందులో ఒక్క మాటైనా లేదు. తర్వాత సెర్జియో లియోనే సినిమాలతో ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నారు. 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’తో తెలుగు తెరకు కౌబాయ్ వచ్చింది ఆ లియోనే సినిమాల దారిలోనే.

‘హై నూన్’ ముగింపు సీక్వెల్‌కు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. కాల్పులు ముగిశాక, అప్పటిదాకా తలుపులు వేసుకున్న జనం వీధిలోకి వస్తారు. కేన్ ఒక్క మాటా మాట్లాడడు. ఛాతీమీది మార్షల్ నక్షత్రం తీసి దుమ్ములో పడేసి, భార్యతో బండెక్కి వెళ్లిపోతాడు. ఊరిమీద అతను చెప్పిన తీర్పు అదే. అది చెప్పాక ఆ ఊరికి తిరిగి రావాల్సిన పని అతనికి ఉండదు.

ఆ నక్షత్రం మీద చాలాకాలం గొడవ జరిగింది. సినిమా తయారవుతుండగానే, 1951లో, అమెరికన్ వ్యతిరేక కార్యకలాపాలపై ప్రతినిధుల సభ వేసిన కమిటీ ఫోర్‌మన్‌ను విచారణకు పిలిచింది. ఆయన ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీ సభ్యులు. తోటివారి పేర్లు చెప్పనన్నారు. హాలీవుడ్‌లో పని దొరక్క ఇంగ్లండ్ వెళ్లిపోయారు. ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ స్క్రీన్‌ప్లేలో ఆయన పాలుపంచుకున్నా తెరమీద పేరు పడలేదు. స్నేహితులంతా మొహం చాటేసిన రోజుల్లో రాసిన కథ కనుక హాడ్లీవిల్‌ను చాలామంది హాలీవుడ్‌గానే చదువుకున్నారు. జాన్ వేన్‌కు ఆ సినిమా అస్సలు గిట్టలేదు. 1971లో ఓ ఇంటర్వ్యూలో, కేన్ నక్షత్రాన్ని కాలికింద వేసి తొక్కాడని కోప్పడ్డారు. తెరమీద అలాంటి దృశ్యమే లేదు. అదే వేన్, షూటింగ్‌లో ఉండి రాలేకపోయిన కూపర్ తరఫున ఆస్కార్ అందుకున్నారు. 1959లో హోవార్డ్ హాక్స్‌తో కలిసి ‘రియో బ్రావో’ చేశారు. దానికి హాక్స్ చెప్పిన కారణాల్లో ‘హై నూన్’ మీది అయిష్టమూ ఒకటి: వృత్తి తెలిసిన మార్షల్ జనాన్ని దేబిరించడని ఆయన వాదన.

కూపర్ 1961లో చనిపోయారు. ఆ కథను టీవీకి తేవాలన్న ప్రయత్నం అయిదేళ్లకే మొదలైంది. 1966లో కేన్ కొడుకును కథానాయకుడిగా పెట్టి, పీటర్ ఫోండాతో ఓ పైలట్ తీశారు. మొదటి సినిమాలోని హెలెన్ రామిరేజ్ పాత్రకు, అందులో చేసిన కేటీ హురాడోనే మళ్లీ తెచ్చారు. అది సీరియల్‌గా ముందుకు సాగలేదు.

అప్పటికి అమెరికా టీవీకి వెస్టర్న్ కథలు కొట్టిన పిండి. 1950ల చివర్లో రాత్రివేళ కార్యక్రమాల్లో వాటిదే రాజ్యం. ‘గన్‌స్మోక్’ 1955లో మొదలై ఇరవై ఏళ్లు నడిచింది. 1964 నుంచి నెట్‌వర్క్‌లు టీవీ కోసమే సినిమాలు తీయించడం మొదలుపెట్టాయి. 1969లో ఏబీసీ వారం వారం ఒక కొత్త సినిమా వేసే పద్ధతి తెచ్చింది. తక్కువ డబ్బుతో, కొద్ది వారాల్లో షూటింగ్ ముగించి, ప్రకటనల కోసం కథను ముక్కలుగా అమర్చే పని ఇది. ఇలాంటి సినిమా ఒక్క రాత్రికే. నోటిమాటగా పేరు పాకి జనం వచ్చే వీలు లేదు, చూసేవాడు ఆ గంటకే చానల్ తిప్పాలి. అందుకని అందరికీ తెలిసిన పేరుకు గిరాకీ పెరిగింది. ‘బుచ్ కాసిడీ అండ్ ద సన్‌డాన్స్ కిడ్’లోని ఎటా పాత్రతో 1974లో ‘మిసెస్ సన్‌డాన్స్’, 1976లో ‘వాంటెడ్: ద సన్‌డాన్స్ వుమన్’ వచ్చాయి. రెండోదానిలో మొదటి సినిమా నటి కేథరిన్ రాసే నటించారు. 1978లో ‘ట్రూ గ్రిట్’కు టీవీ కొనసాగింపు తీసి, జాన్ వేన్ పాత్రను వారెన్ ఓట్స్‌కు ఇచ్చారు. హిట్టయితే సీరియల్‌గా నడిపించాలన్న ఆశతో తీసిందే, ఆ ఆశ తీరలేదు.

‘హై నూన్’ సీక్వెల్ ఈ వరసలోదే అయినా రచయిత ఎంపికతో ఓ మెట్టు పైనుంది. రాసింది ఎల్మోర్ లెనార్డ్. నేర కథలకు తర్వాత మహా పేరు తెచ్చుకున్నా, ఆయన చేయి తిరిగింది వెస్టర్న్‌ల మీదే. 1953లో రాసిన ‘త్రీ టెన్ టు యూమా’ కథలోనూ రైలు వేళ కోసం ఎదురుచూస్తూ ఒంటరిగా నిలబడే పోలీసు ఉంటాడు. 1957లో అది సినిమా అయినప్పుడు ‘హై నూన్’తోనే పోల్చారు. ఈ టీవీ సినిమా వచ్చిన 1980లోనే లెనార్డ్ ‘సిటీ ప్రైమీవల్’ నవల వెలువడింది, దాని ఉపశీర్షిక ‘హై నూన్ ఇన్ డెట్రాయిట్’. ఆ పాత సినిమా ఆయన మనసులో ఎంతగా తిరుగుతోందో ఈ రెండూ చెబుతాయి.

దర్శకుడు జెర్రీ జేమ్సన్, అంతకుముందు ‘ఎయిర్‌పోర్ట్ 77’ తీసినవారు. కేన్‌గా ‘సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్’ హీరో లీ మేజర్స్, ఏమీగా కేథరిన్ కానన్ నటించారు. ‘కుంగ్ ఫూ’ హీరో డేవిడ్ కారడైన్, ‘బొనాంజా’లో పెద్దకొడుకుగా వేసిన పెర్నెల్ రాబర్ట్స్ మిగతా ముఖ్యపాత్రలు చేశారు. అంతా టీవీ ముఖాలే.

కథలో కేన్ భార్యతో హాడ్లీవిల్ తిరిగి వచ్చేసరికి అక్కడ వార్డ్ అనే కొత్త మార్షల్ ఉంటాడు, క్రూరుడు. అధికారాన్ని అడ్డం పెట్టుకుని, తన మనుషులతో కలిసి బెన్ ఐరన్స్ అనే వాడిని వేటాడుతుంటాడు. కేన్ ఇద్దరి మధ్యకీ వచ్చి పడతాడు. తీర్పు చెప్పి వెళ్లినవాడిని మళ్లీ రప్పించడానికి లెనార్డ్ కనిపెట్టిన ఈ ఉపాయం తెలివైనది. మొదటి కథలో ప్రమాదం రైల్లో, చట్టానికి బయటనుంచి వచ్చింది. ఇందులో అది చట్టం లోపలే, కేన్ దుమ్ములో పడేసిన నక్షత్రం పెట్టుకున్నవాడి దగ్గరే ఉంది. మంచివాడు వదిలేసిన పదవి ఎవరి చేతికి చిక్కుతుందన్న ప్రశ్న 1952 సినిమా వేయనిది.

ప్రశ్న గట్టిదే, చిత్రణ దానికి తగ్గట్టు లేదు. మొదటి సినిమాను నడిపింది గడియారం. సీక్వెల్‌కు అలాంటి గడువు లేక, మంచి మార్షల్‌కూ చెడ్డ మార్షల్‌కూ మధ్య మామూలు పోరుగా మిగిలింది. కూపర్ ముఖంలోని అలసటా భయమూ లేకుండా కేన్ పాత్రను నిలబెట్టడం ఏ నటుడికైనా కష్టం. నలభై ఏళ్ల మేజర్స్‌ను ప్రేక్షకులు అప్పటికి ఓటమెరుగని బలశాలిగానే చూసి ఉన్నారు. సాయం అడిగి కాదనిపించుకున్న మనిషిగా ఆయన్ను ఊహించడం తేలిక కాదు.

సమయమూ కలిసి రాలేదు. ‘హై నూన్’ను విడుదల చేసిన యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థే ఆ మరుసటి వారంలో మైఖేల్ చిమినో భారీ వెస్టర్న్ ‘హెవెన్స్ గేట్’ను న్యూయార్క్‌లో విడుదల చేసింది. విమర్శలు మిన్నంటడంతో వారంలోనే వెనక్కి తీసుకుంది. ఆ దెబ్బతో పెద్ద తెరమీద వెస్టర్న్ కొన్నేళ్లు చితికిపోయింది.

కేన్ కథకు మూడో భాగం రాలేదు. 2000లో టీబీఎస్ చానల్ టామ్ స్కెరిట్‌తో ‘హై నూన్’ను మళ్లీ టీవీ సినిమాగా తీసింది. ఈసారి కొనసాగింపు జోలికి పోకుండా ఫోర్‌మన్ కథనే పెళ్లి నుంచి మొదలుపెట్టింది.