ప్లాట్ అంటే ఇళ్ళస్థలమేనా? మన కథల మాటల కథ



మా అక్క కూతురు ఇక్కడే ఆక్లాండ్‌లో హైస్కూల్ చదువుతోంది. ఆ మధ్య వాళ్ళకి కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ రాసిన, 1922లో అచ్చైన ‘ది డాల్స్ హౌస్’ పాఠంగా వచ్చింది. ఆదివారం విజయనగరంలో ఉన్న మా అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ, "అమ్మమ్మా, ప్లాట్ సింపులే కానీ థీమ్ చాలా డీప్" అంది. మా అమ్మకి ప్లాట్ అంటే ఇళ్ళస్థలం. "ఎక్కడ కొన్నారే?" అని అడిగింది.

అందరం నవ్వుకున్నాం. కానీ ఫోన్ పెట్టేశాక నాకు కాస్త దిగులేసింది. ఇద్దరికీ కథలంటే ప్రాణం. కథ గురించి మాట్లాడుకోవడానికి మాత్రం ఇద్దరికీ కలిసిన మాటల్లేవు. ఆ మాటలు మనకి లేకనా? బోలెడున్నాయి. వాటికీ ఒక చరిత్ర ఉంది.

ముందు ‘పాత్ర’, ‘వస్తువు’ చూడండి. ఇవి నాటకం నుంచి వచ్చిన మాటలు. పదో శతాబ్దంలో ధనంజయుడు తన ‘దశరూపకం’లో నాటక భేదాలకి ఆధారం మూడన్నాడు: వస్తువు, నేత, రసం. అప్పుడు వస్తువంటే ఇతివృత్తమే, అంటే ప్లాట్. ఇప్పటి తెలుగు విమర్శకులు చాలామంది రెంటినీ విడదీశారు. జరిగిన సంఘటనల అల్లిక ఇతివృత్తం. కథ దేని గురించో అది వస్తువు. దాన్ని చెప్పే తీరు కథనం, ఆ చెప్పడంలోని పనితనం శిల్పం. ఎవరి కళ్ళతో చూస్తున్నామో అది దృష్టికోణం. చివర్లో ఉలిక్కిపడేలా చేసే మలుపు కొసమెరుపు. ఇది అచ్చతెలుగు మాట!

‘నవల’ వయసు మాత్రం చిన్నదే. కందుకూరి వీరేశలింగం 1878లో ‘రాజశేఖర చరిత్రము’ మొదలుపెట్టినప్పుడు దాన్ని వచన ప్రబంధం అన్నారు. దాన్ని విమర్శిస్తూ కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి ‘నవల’ అన్నారు. ‘నవ’ అంటే కొత్త, పైగా ఇంగ్లీషు మాటకీ దగ్గరగా ఉంది. అలా నిలిచిపోయింది.

‘కథానిక’ అందుకు తలకిందులు. అగ్నిపురాణం గద్యకావ్యాలను అయిదు రకాలుగా చెప్పింది, అందులో కథానిక ఒకటి. ఆ పాత పేరునే మనవాళ్ళు కొత్త ప్రక్రియకి పెట్టుకున్నారు. తొలి ఆధునిక కథగా చాలాకాలం గురజాడ 1910 నాటి ‘దిద్దుబాటు’ని చెప్పుకున్నాం. భండారు అచ్చమాంబ 1902లోనే ‘ధన త్రయోదశి’ రాశారని తెలిశాక ఆ గౌరవం ఆమెకివ్వాలనే వాదన బలపడింది.

కొత్త అవసరం వస్తే కొత్త మాటలూ పుట్టాయి. మనసులో తెగకుండా సాగే ఆలోచనల్ని అలాగే రాసే పద్ధతిని ‘చైతన్య స్రవంతి’ అన్నారు. 1969లో వచ్చిన ‘అంపశయ్య’ అలాంటిదే. ఉస్మానియా విద్యార్థి రవి జీవితంలో ఒక్క రోజే ఆ నవలంతా. రచయిత నవీన్‌కి చివరికి ఆ పుస్తకం పేరే ఇంటిపేరైంది.

మళ్ళీ మా ఇంటికొద్దాం. తర్వాతి ఆదివారం మేనకోడలు ఇంకోసారి ప్రయత్నించింది. "అమ్మమ్మా, ఇతివృత్తం చిన్నదే. ఒకింట్లో బొమ్మరిల్లు వస్తుంది. బళ్ళో పిల్లలందర్నీ పిలిచి చూపిస్తారు. ఇంటింటికీ వెళ్ళి బట్టలుతికే ఆవిడ పిల్లలిద్దర్ని మాత్రం పిలవరు. కానీ వస్తువు బొమ్మరిల్లు కాదు అమ్మమ్మా, ఆ వెలివేత" అంది.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన చిన్నప్పుడు బళ్ళో విడిగా కూర్చున్న ఒక పిల్ల గురించి చెప్పింది. ఆ పిల్లతో తను ఎప్పుడూ ఆడుకోలేదని చెప్పింది. ఇన్నేళ్ళలో నాకూ, అక్కకీ చెప్పని సంగతి అది.

వెల్లింగ్టన్‌లో పుట్టిన రచయిత్రి కథ, రెండు తెలుగు మాటల సాయంతో విజయనగరం చేరింది. మీ ఇంట్లోనూ ఈ వారం ఒక కథ చదివి, పిల్లల్ని "వస్తువేమిటి?" అని అడిగి చూడండి. జవాబు సగం ఇంగ్లీషులో వచ్చినా పరవాలేదు.

ఉంటానండీ, సెలవు.