గూడూరు సీమలో చేతివాచీ మోజు

గూడూరుకు నిమిషాల లెక్క రైలుతోపాటు వచ్చింది. 1899లో మద్రాసు–బెజవాడ లైను పడేనాటికి దేశంలో రైళ్లు మద్రాసు టైము ప్రకారమే నడిచేవి. గ్రీనిచ్ కంటే అది 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందు. పొద్దును బట్టి చూస్తే గూడూరుకూ మద్రాసుకూ తేడా రెండు నిమిషాల లోపే. 1906 జనవరి 1న దేశమంతటికీ ఒకే టైము వచ్చాక ఊరి పొద్దుకూ గడియారానికీ మధ్య పదిన్నర నిమిషాల ఎడం ఏర్పడింది.

అప్పట్లో గడియారమంటే గొలుసుతో జేబులో వేసుకునేదే. చేతికి కట్టుకునేది ఆడవాళ్ల నగ కింద లెక్క. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లోని సైనికులకు జేబు తడుముకునే తీరిక లేకపోవడంతో వాచీ మగవాళ్ల మణికట్టుకు ఎక్కింది. మౌంటు రోడ్డులోని పి. ఓర్ అండ్ సన్స్ మద్రాసు రాజధానిలో గడియారాలకు పెద్ద పేరు.

స్వాతంత్ర్యం తర్వాత విదేశీ మారకానికి కటకట వచ్చి దిగుమతులు బిగుసుకున్నాయి. 1962 కస్టమ్స్ చట్టం 123వ సెక్షను బంగారం సరసన వాచీలను పేరుపెట్టి చేర్చింది. దొంగసరుకన్న అనుమానంతో అధికారులు వాచీ పట్టుకుంటే, కాదని రుజువు చేసుకోవలసింది అది ఉన్నవాడే. ఇంత కట్టడి చేస్తే మోజు తగ్గుతుందా? స్విస్ వాచీ హోదాకు గుర్తయి కూర్చుంది. అల్లుడికి పెట్టే లాంఛనాల్లో సైకిలు, రేడియోలతోపాటు వాచీ కూడా చేరింది. 1969లో మద్రాసు రేవు పక్కన బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల కోసం వెలసిన బర్మా బజారు విదేశీ సరుకుకు అడ్డాగా పేరు మోసింది.

ప్రభుత్వం తన వంతుగా జపాన్ సిటిజన్ సంస్థ సాయంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల కర్మాగారం పెట్టింది. తొలి వాచీలను 1963లో నెహ్రూ విడుదల చేశారు. రోజూ కీ ఇవ్వాల్సిన ‘జనత’ ఆ తరం గుమాస్తాల, మాస్టర్ల మణికట్టు మీదిది. 1980ల్లో హైదరాబాదు ఆల్విన్ కూడా సీకో సహకారంతో రంగంలోకి దిగింది. ఫ్రిజ్‌లకూ బస్సు బాడీలకూ పేరుపడ్డ ఆ ప్రభుత్వ సంస్థ చేసిన ‘ట్రెండీ’ వాచీలు కుర్రకారుకు నచ్చాయి. ఆ వ్యాపారం మాత్రం 1990ల్లోనే కుదేలైంది.

అప్పటికే క్వార్ట్జ్ రాజ్యం నడుస్తోంది. క్వార్ట్జ్ అంటే పలుగురాయి. గూడూరు వైపు అభ్రకం గనుల్లో పనికిరాదని కుప్పపోసే రాయి కూడా అదే జాతిది. వాచీలో పెట్టే పలుకును మాత్రం ఫ్యాక్టరీలో పెంచుతారు. కరెంటు తగలగానే అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దాంతో నెలకు పది పదిహేను సెకన్లకు మించి తేడా రాదు. పేరున్న స్విస్ యాంత్రిక వాచీకి ఇచ్చే క్రోనోమీటరు ధ్రువపత్రం రోజుకే నాలుగు సెకన్లు వెనక్కీ ఆరు సెకన్లు ముందుకూ ఒప్పుకుంటుంది. టైము కోసమైతే లక్షలు పోయనక్కర్లేదన్నమాట.

అయినా పోస్తున్నారు. సెల్‌ఫోను వచ్చి టైము చెప్పే పని లాగేసుకున్నాక, స్ప్రింగుతో నడిచే యంత్రమే వాచీప్రియుల మోజు. అడుగున అద్దం బిగించిన మోడళ్లలో బ్యాలెన్సు చక్రం ఊగిసలాట, కెంపురాళ్ల బేరింగులు కనిపిస్తాయి. 1801లో గడియారాల నిపుణుడు బ్రెగే పేటెంటు పొందిన టూర్బియాన్ అనే అమరిక, జేబుగడియారం నిలువుగా ఉన్నప్పుడు భూమ్యాకర్షణ వల్ల వచ్చే దోషాన్ని సరిచేయడానికి పుట్టింది. ఎప్పుడూ కదిలే చేతి మీద దాని అవసరం అంతంతే, ధర మాత్రం ఆకాశంలో ఉంటుంది. తెలుగు మాట బాగా వినిపించే హోసూరులో 1980ల్లో మొదలైన టైటాన్ 2002లో 3.5 మిల్లీమీటర్ల మందంతో ‘ఎడ్జ్’ తెచ్చింది. 2025లో ఆ సంస్థే పది టూర్బియాన్ వాచీలు చేసి ఒక్కొక్కటి దాదాపు 40 లక్షల రూపాయలకు అమ్మకానికి పెట్టింది. పాత హెచ్‌ఎంటీ ‘జనత’, ‘పైలట్’లను కూడా సేకరించేవాళ్లున్నారు. అయితే కొత్త డయలూ పాత విడిభాగాలూ కలిపి బిగించిన అతుకుల సరుకు ఈ బజారులో ఎక్కువ, కొనేవాళ్లు వెనక మూత విప్పించి చూడటం మంచిది.

స్విట్జర్లాండు సహా నాలుగు ఐరోపా దేశాలతో మన దేశానికి కుదిరిన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం స్విస్ వాచీల మీద సుంకం ఏటికేడు తగ్గాలి. 123వ సెక్షనులో మాత్రం బంగారం సరసన వాచీల పేరు అలాగే ఉంది.