కంప్యూటరులలో ఋణానుబంధము

విండోసు వాడువారందరును తెరమీద ‘సి’ అను ఆంగ్లాక్షరమును, దాని ప్రక్క రెండు చుక్కలను చూచియే యుందురు. డిస్కున కిట్లు అక్షరమును పేరుగా నిచ్చుట విండోసు నిర్మాతలు కల్పించినది కాదు. దాని పూర్వచరిత్రను విచారించినచో, ప్రత్యర్థుల నడుమ సాగిన ఋణానుబంధ మొకటి బయటపడును.

ఆపరేటింగ్ సిస్టమనగా యంత్రమునకును, మనము నడపు ప్రోగ్రాములకును నడుమ నుండి పనులు చక్కబెట్టు మూలవ్యవస్థ. 1974లో కాలిఫోర్నియాలోని నౌకాదళ విద్యాలయమున బోధకుడుగా నుండిన గ్యారీ కిల్డాల్, చిన్న కంప్యూటరులకై ‘సీపీఎం’ అను సిస్టమును రచించెను. డిస్కులను ఏ, బీ అని పిలుచుటయు, ఫైలుపేరునకు ఎనిమిది అక్షరములును, దాని తోకకు మూడక్షరములును కేటాయించుటయు నందు గలవు. కిల్డాల్ సైతము అన్నింటిని స్వయముగా కల్పింపలేదు. ఫైళ్లకు నకలు తీయు ‘పిప్’ అను ఆజ్ఞ డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థవారి యంత్రములలో అంతకుముందే యున్నది.

1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రాడక్ట్స్ అను సంస్థలో టిమ్ ప్యాటర్సన్ అను యువకుడు, 8086 అను క్రొత్త ప్రాసెసరు కొరకు వేరొక సిస్టము వ్రాసెను. సీపీఎం ప్రోగ్రాములను సులభముగా దీనిలోనికి మార్చుకొనుటకు వీలుగా, ప్రోగ్రాములు సిస్టమును పిలుచు పద్ధతులను సీపీఎం ననుసరించియే కూర్చెను. డిస్కుమీద ఫైళ్ల నమర్చు విధానమును మాత్రము మైక్రోసాఫ్టువారి బేసిక్ నుండి గ్రహించెను. 1981లో మైక్రోసాఫ్టు దీనిని కొనగా, ఆ యేడే ఇది ఐబీఎం పర్సనల్ కంప్యూటరుతో లోకమున ప్రవేశించెను. కిల్డాల్ సిస్టమును గూడ ఐబీఎంవారు అమ్మిరి. కాని దాని వెల 240 డాలర్లు, దీని వెల 40. జనులు దేనిని కొనిరో చెప్పనక్కరలేదు.

1983లో వెలువడిన డాస్ రెండవ కూర్పు, ఫోల్డరులో ఫోల్డరు నుంచు పద్ధతిని యూనిక్సునుండి తెచ్చుకొనెను. యూనిక్సులో ఆ పేర్ల నడుమ ముందునకు వాలిన గీత యుండును. డాసులో ఆ గీత అప్పటికే ఆజ్ఞలకు చేర్చు సూచనలకై వాడుకలో నుండుటచే, వెనుకకు వాలిన గీతను పెట్టవలసి వచ్చెను. నేటికిని విండోసులో అది నిలిచియే యున్నది.

దీనిని చౌర్యమనవచ్చునా? 2004లో నొక గ్రంథకర్త ప్యాటర్సన్ రచనను వట్టి అనుకరణమని నిందింపగా, ఆయన న్యాయస్థానమున కెక్కెను. 2007లో ఆ వ్యాజ్యము కొట్టివేయబడెను. నా మట్టుకు నేను గ్రహించుటను తప్పుపట్టను. పాత ఆజ్ఞలు నేర్చిన వేలజనుల శ్రమయు, వారి ప్రోగ్రాములును వ్యర్థము కాకుండుటకు ఆ పోలికయే కారణము. కాని ఇచ్చినవాని పేరు మరుగుపడుట న్యాయము కాదు. 1994లో కిల్డాల్ మరణించునాటికి, ఆయన పెట్టిన యేర్పాటులను దినమును వాడువారిలో ఆయన పేరెరిగినవారు మిక్కిలి తక్కువ.

2014లో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ చరిత్ర ప్రదర్శనశాలవారు డాస్ మూలపాఠమును, సీపీఎం మూలపాఠమును గూడ బహిరంగమొనర్చిరి. ఏది యెవరిదో, ఎంతవరకు ఎవరిదో, నేడు కోరినవారెల్లరు ఆ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచుకొని చదివి తెలిసికొనవచ్చును.