మోటారు ప్రమాద పరిహారం: రాజీ ప్రతిపాదనలు

వాహన ప్రమాదం జరిగాక బీమా కంపెనీగానీ, దాని తరఫున వచ్చామని చెప్పుకునేవారుగానీ ఒక మొత్తం చూపి, అది తీసుకుని క్లెయిమును ముగించుకోమని బాధితులను అడగడాన్ని రాజీ ప్రతిపాదన అంటారు. వాడుకలో ఇది సెటిల్‌మెంట్. రాజీ చట్టసమ్మతమే, చాలా కుటుంబాలకు మేలు కూడా. అయితే అది ఎవరి ఎదుట, ఏ దశలో, ఏ లెక్క మీద కుదిరిందన్నదే అసలు విషయం.

మోటారు వాహనాల చట్టం 1988కి 2019లో చేసిన సవరణలో పరిహారానికి సంబంధించిన భాగం 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం 149వ సెక్షన్ కింద కంపెనీ ఒక అధికారిని నియమించి, నిర్ణీత పద్ధతిలో 30 రోజుల్లో మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ ముందు ప్రతిపాదన ఉంచాలి. బాధితులు ఒప్పుకుంటే ట్రిబ్యునల్ ఆ రాజీని నమోదు చేస్తుంది. ఆ నమోదు అందిన 30 రోజుల్లోగా డబ్బు చెల్లించాలి. ఒప్పుకోకపోతే కేసు విచారణకు వెళ్తుంది తప్ప బాధితుల హక్కు పోదు. (పాత వ్యాఖ్యాన గ్రంథాల్లో 149వ సెక్షన్ అంటే తీర్పు సొమ్ము చెల్లించే బీమాదారు బాధ్యత. అది ఇప్పుడు 150లో ఉంది.) కాబట్టి ఆసుపత్రి మంచం దగ్గర, చికిత్స ముగియకముందే తెల్లకాగితాల మీద సంతకాలు అడిగే ప్రతిపాదన ఈ పద్ధతికి చెందినది కాదు.

మొత్తం న్యాయమైనదా కాదా అన్నది లెక్క వేస్తేనే తెలుస్తుంది. మరణం కేసుల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన సరళా వర్మ (2009), ప్రణయ్ సేఠీ (2017) తీర్పులే నేటికీ కొలమానం. ఉదాహరణకు నెలకు 15,000 రూపాయలు సంపాదించే 32 ఏళ్ల స్వయంఉపాధి మనిషి చనిపోయాడనీ, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడి ఉన్నారనీ అనుకుందాం. భవిష్యత్ ఆదాయం కింద 40 శాతం కలిపితే నెలకు 21,000, ఏడాదికి 2,52,000. స్వంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. ఆ వయసుకు వర్తించే గుణకం 16తో హెచ్చిస్తే 30,24,000 రూపాయలు. అంత్యక్రియలు, సాహచర్య నష్టం వంటివి దీనికి అదనం. ఇటువంటి ఇంటికి ఏడెనిమిది లక్షలు చూపి ‘కోర్టుకెళ్తే ఇదీ రాదు’ అంటే, ఆ మాట వెనక లెక్క ఏమిటో రాతపూర్వకంగా అడగాలి. గాయపడినవారి విషయంలో రాజ్ కుమార్ (2011) తీర్పు ముఖ్యం. వైద్యులు రాసిన వైకల్య శాతం ఒకటి, దానివల్ల పోయిన సంపాదన శక్తి ఒకటి. డ్రైవరుకు కాలు పోవడం, గుమాస్తాకు కాలు పోవడం ఒకే నష్టం కావు. వైకల్యం తేలకముందు కుదిరే రాజీలో ఈ తేడా లెక్కకు రాదు.

దరఖాస్తు గడువు గురించి ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగవు. 1988 చట్టంలో తొలుత ఆరు నెలల గడువు ఉండేది. 1994 నవంబరు 14 నుంచి అమలైన సవరణ దాన్ని ఎత్తివేసింది, 2019 సవరణ తిరిగి తెచ్చింది. ఈ నిబంధన చెల్లుబాటును సుప్రీంకోర్టులో సవాలు చేశారు. గడువు దాటిందన్న కారణంతో పిటిషన్లు కొట్టివేయవద్దని 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. గడువే లేదని ఇప్పటికీ చెప్పేవారున్నా, తుది తీర్పు వచ్చేదాకా ఆరు నెలల లోపు పిటిషన్ వేయడమే క్షేమం. ‘కేసెందుకు, మాట్లాడుకుందాం’ అంటూ నెలలు సాగదీసే మధ్యవర్తిని అనుమానించడానికి ఇదొక్కటే చాలు.

సంతకం చేశాక వెనక్కి తిరిగే దారి సంతకం ఎక్కడ పడిందన్న దానిని బట్టి ఉంటుంది. సొమ్ము ముట్టిందని రాసిచ్చే డిశ్చార్జ్ వోచరు మీద సంతకం చేసినంత మాత్రాన హక్కు పోదనీ, మోసం, ఒత్తిడి వంటివి రుజువైతే వినియోగదారుల ఫోరం జోక్యం చేసుకోవచ్చనీ అజ్మీర్ సింగ్ కాటన్ కేసులో (1999) సుప్రీంకోర్టు చెప్పింది. రుజువు చేసే భారం మాత్రం సంతకం చేసినవారిదే. లోక్ అదాలత్ అవార్డుది వేరే దారి. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. చాలా పరిమిత కారణాలపై హైకోర్టులో రిట్ ఒక్కటే మార్గమని జలౌర్ సింగ్ కేసు (2008) తేల్చింది. తెలుగు రాష్ట్రాల్లో మోటారు ప్రమాద పరిహార పిటిషన్లు (ఎం.వి.ఓ.పి.లు) పెద్ద సంఖ్యలో లోక్ అదాలత్‌లలోనే ముగుస్తున్నాయి కనుక, బెంచి ముందు తలూపే ముందే పైన చెప్పిన లెక్క చేతిలో ఉండాలి. హక్కుదారుల్లో మైనర్లుంటే వారి తరఫున రాజీకి కోర్టు అనుమతి తప్పనిసరి. పెద్దలే సంతకాలు చేసి తెచ్చుకున్న రాజీల్లో తరచూ మరుగున పడేది ఇదే.

సొంత కారుకు జరిగిన నష్టం విషయం కొంత వేరు. మరమ్మతు ఖర్చు పాలసీలో ప్రకటించిన విలువలో 75 శాతం దాటితే సాధారణంగా దాన్ని పూర్తి నష్టంగా పరిగణిస్తారు. తక్కువ మొత్తం చూపితే సర్వేయరు నివేదిక ప్రతిని అడిగి తీసుకోవాలి. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలోగా జవాబు రాకున్నా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకున్నా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఎదుటి వాహనం వల్ల గాయపడినవారి క్లెయిములు మాత్రం అక్కడికి కాదు, ట్రిబ్యునల్‌కే వెళ్ళాలి.